నీలం చేతుల ఆదివారం

అద్దానికి పిచ్చి పట్టిందన్న కబురు మొదట పెయింట్ల కొట్టులో పుట్టింది.

“పళ్ళ డాక్టరమ్మగారి కొత్త సామాను సైకిలు గొలుసు పెట్టి బాదేసింది. రంగు ఆరీ ఆరకముందే!” అన్నాడు కొట్టాయన, ఎవరికో బ్రష్షు కాగితంలో చుట్టి ఇస్తూ. టీ బడ్డీ దగ్గరికి చేరేసరికి గొలుసు గొడ్డలైంది. బస్టాపు చేరేసరికి కారణం కూడా దొరికింది. డాక్టరమ్మ పుచ్చిన పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకిందట, ఆ కసి సామాను మీద తీర్చుకుందట. కూరగాయల కొట్ల మలుపు తిరిగాక మేనమామే ఆమెను మెడపట్టి తన షాపులోంచి గెంటేశాడు. నాలుగు రోజులు పోయాక ఎవరో ఆమెకు చూపే పోయిందన్నారు. “పాపం, అంత చక్కటి చెయ్యి!” అని అందరూ నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో ఎంతో హాయి అనుభవించి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

అద్దం అంటే మనిషే. నలభై దాటిన, పొట్టిగా గట్టిగా ఉండే ఆడమనిషి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దానితో పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకు తప్పుకుంటుంది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి, మేనమామ చెక్కసామాను షాపులో పాలిష్ గుడ్డ పట్టింది. పట్టిన మూడో ఏడు, ఆమె పాలిష్ చేసిన బల్లలోకి చూసుకుంటూ ఒకాయన తల దువ్వుకున్నాడు. సరదాకి కాదు, నిజంగానే. పాపిడి కూడా తిన్నగా వచ్చింది. ఇంకోసారి షాపులోకి దూరిన పిల్లి ఒక అలమర తలుపులో ఇంకో పిల్లిని చూసి, వీపు విల్లులా వంచి, అరగంటసేపు దానితో పోట్లాడి, ఓడిపోయి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మామయ్య ఆమెను అద్దం అనే పిలిచాడు. ఊరంతా అదే పిలుపు అందుకుంది.

మామయ్య చెక్క కోసి, చిత్రిక పట్టి, బిగించేవాడు. అద్దం రుద్ది, లప్పం పెట్టి, రంగో పాలిషో వేసేది. మామయ్యకు లోకంలో ఉన్న శత్రువు ఒక్కటే, గీత. గోటి మందం గీత కనబడినా ఆ సామాను షాపు గడప దాటేది కాదు.

అద్దానికి మాత్రం ఎవరికీ చెప్పని దిగులొకటి ఉండేది. చిన్న చిన్న మరమ్మతులకని ఇళ్ళకు వెళ్ళినప్పుడు, తన చేతి సామాను ఆమెకు కనబడేది కాదు. దుప్పటి కనబడేది. దుప్పటి కింద ప్లాస్టిక్ కాగితం, దాని కింద పాత పేపర్లు, అన్నిటికీ అడుగున చీకట్లో ఆమె మెరుపు. ఆమె పాలిష్ చేసిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని, వెన్ను ఆనించకుండా, పరాయి ఇంటికి వచ్చినట్టు కూర్చునేవాళ్ళు. “మీ పని ముట్టుకోవాలంటేనే భయమమ్మా” అని ఒకావిడ మెచ్చుకుంటే, ఆ మెప్పు రెండు రోజులు ఆమె గొంతులో అడ్డంపడింది.

అలాంటి షాపుకి పళ్ళ డాక్టరమ్మ ఒక బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది.

“మా హాలంతా ఫ్రెంచి పద్ధతిలో పెట్టిస్తున్నాను మేస్త్రీ. గోడలకి మీగడ రంగు, వాటి మీద సన్నటి చెక్కపట్టీలతో చట్రాలు, నేలదాకా జారే కర్టెన్లు, బంగారు అంచు నిలువుటద్దం, అన్నీ అయిపోయాయి. ఇక ఆరు కుర్చీలు, ఒక అలమర మీరు చేసివ్వాలి.”

మామయ్య పుస్తకం తిరగేశాడు. కోడిగుడ్డు ఆకారంలో కుర్చీ వీపులు, వంపు తిరిగిన సన్నకాళ్ళు. ఆయన కళ్ళు వెలిగాయి.

“జింక నిలబడ్డట్టుందమ్మా! తప్పకుండా చేద్దాం. కాకపోతే ఈ ఫోటోలో సామాను పాడైపోయింది చూశారా, అంచులన్నీ రంగు లేచిపోయింది. మా దగ్గర ఇలా ఉండదు. మీరేం భయపడకండి.”

“అయ్యో, అలాగే ఉండాలి!”

“ఎలాగ?”

“అలాగే. అక్కడక్కడ రంగు అరిగి, కింద చెక్క తొంగిచూడాలి. వందేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నట్టు. దాని అందమంతా అదే కదా!”

మామయ్య పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టాడు, మళ్ళీ తెరుచుకుంటుందేమోనన్నట్టు.

“అమ్మా, పళ్ళు కట్టించుకోవడానికి వచ్చిన మనిషితో, ‘నాలుగు పుచ్చువి కూడా కలిపి కడతాను, అందంగా ఉంటుంది’ అని మీరంటారా?”

“పళ్ళు వేరు, కుర్చీలు వేరు మేస్త్రీ.”

“కుర్చీకి నోరు లేదనేగా ఈ అన్యాయం!”

అద్దం మామయ్య వెనక నిలబడి, అంతకుముందు తెరిచి ఉన్న ఆ ఫోటోనే తలుచుకుంటోంది. కుర్చీ చేతి చివర, సరిగ్గా అరచెయ్యి ఆనేచోట, రంగు పోయి చెక్క తేనెలా మెరుస్తోంది. అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు. ఒకసారి కాదు, ఎన్నెన్ని సాయంత్రాలో. దుప్పటి లేకుండా, భయం లేకుండా, తమ ఇంట్లో తాము.

“నేను చేస్తాను,” అంది. అంత గట్టిగా తను మాట్లాడటం తనే ఎప్పుడూ వినలేదు.

నెల తిరిగేసరికి కుర్చీలూ అలమరా తయారయ్యాయి. మీగడ రంగు ఆమే వేసింది. ఎండిన పొద్దున గరుకు కాగితం తీసుకుని అలమర ముందు కూర్చుంది. ఒక గంట రుద్దింది. లేచి చూస్తే అలమర మునుపటికంటే నున్నగా ఉంది. పాతికేళ్ళ అలవాటు, చెయ్యి మాట వినడం లేదు. ఇంకో గంట రుద్దింది. ఇంకా నున్నగా అయింది. ఇలా లాభం లేదని పక్క సైకిలు షాపు నుంచి పాత గొలుసొకటి తెచ్చి, గట్టిగా కళ్ళు మూసుకుని, అలమర మీద ఫెడేల్మని ఒక్కటిచ్చింది. రంగు డబ్బాలు దింపడానికి వచ్చిన పెయింట్ల కొట్టాయన సరిగ్గా ఆ దెబ్బ దగ్గరే లోపలికి అడుగుపెట్టాడు. డబ్బాలు దింపకుండానే వెళ్ళిపోయాడు.

ఇంకో పది దెబ్బలు వేసి, చెమట తుడుచుకుని, ఆమె భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మామయ్య అలమర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రతి సొట్టలోనూ లప్పం నింపాడు, రుద్దాడు, రంగు అద్దాడు. దెబ్బ తగిలిన ఆనవాలు ఒక్కటి లేదు.

“కంగారుపడకు, ఎవరితోనూ అనను,” అన్నాడు మెల్లగా. “ఎండదెబ్బ అయ్యుంటుంది. మజ్జిగ తాగు.”

“మామయ్యా! అది కావాలని చేశాను. అదే పని!”

“పాడుచెయ్యడం పనా?”

“పాడుచెయ్యడం కాదు. నీకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు.”

“నీకే తెలియనిది చెయ్యడమెందుకు? విను. ముప్పై ఏళ్ళలో ఈ షాపులోంచి పెచ్చులూడిన సామాను బయటికి పోలేదు. పోయిందా, దానితోపాటు నువ్వూ పో. మళ్ళీ ఈ గడప తొక్కకు.”

ఆయన కోపంగా అనలేదు, అందుకే ఆమెకు భయం వేసింది. ఆ షాపులో తన బల్ల తప్ప ఆమెకు ఇంకో చోటు తెలియదు. అయినా ఆ మధ్యాహ్నమే తోపుడుబండి పిలిచి, ఏ మచ్చా లేని సామానంతా ఎక్కించి, తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని డాక్టరమ్మ ఇంటికి నడిచింది. పని కుదిరితే మామయ్య మొహం మళ్ళీ చూస్తుందో లేదో. కుదరకపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

హాలు ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఇంట్లో మనుషులు మాత్రం ఫోటోలో లేరు. డాక్టరమ్మ, పేపరు వెనకనుంచి ఎప్పుడూ బయటికి రాని ఆమె భర్త, పదేళ్ళ కూతురు, అత్తగారు, మోకాళ్ళ నొప్పులని ఆరు నెలలుగా కుర్చీలోంచి లేవని మామగారు. అద్దం అందరి ఎదుటా అలమర మూల ఒకచోట గీకి చూపించింది. డాక్టరమ్మ తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది.

“ఏమీ అనుకోకమ్మా. ఎలకలు కొరికినట్టుంది.”

“ఎలకలైతే ఇంకా పద్ధతిగా కొరుకుతాయి,” అంది అత్తగారు.

అద్దం సిగ్గుతో అక్కడే నేల మీద చతికిలబడింది. మాట్లాడటం రానివాళ్ళకు చూడటం వస్తుంది. ఆమె చూసింది. కూతురు పరుగున వచ్చి కుర్చీ వీపుని కౌగిలించుకుని ఊగింది. డాక్టరమ్మ తన కుర్చీని చేత్తో కాదు, మోకాలితో జరిపింది, క్లినిక్కులో కుర్చీ జరిపినట్టు. కొత్త కుర్చీలోకి మార్చి కూర్చోబెట్టిన మామగారి బొటనవేలు దాని చెయ్యి కింద అదేపనిగా ఏదో వాయిస్తోంది. ఒక్కసారిగా ఆమెకు అర్థమైంది. అరుగుదల పెట్టాల్సింది తన చెయ్యి కాదు. ఈ ఇంటి చేతులు ఎక్కడెక్కడ తిరుగుతాయో తనకేం తెలుసు?

“రేపు ఆదివారం కదా, అందరూ ఇంట్లోనే ఉంటారా?” అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే సంచీలోంచి నీలం పొడి పొట్లం తీసింది. చెక్క మీద గీత కొట్టేందుకు వడ్రంగులు దారానికి పట్టించే పొడి అది. పళ్ళెంలో పోసి అందరి ముందూ పెట్టింది.

“రెండు చేతులూ ఇందులో అద్దుకోండి. తరవాత నన్ను మరిచిపోండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. పొడి రాలిపోతే మళ్ళీ అద్దుకోండి.”

“టీ తాగచ్చా?” అన్నాడు భర్త, పేపరు మీదినుంచి.

“తాగండి బాబూ, అదే కావాలి.”

“మరి ముక్కు దురద పెడితే?” అంది కూతురు.

“గోక్కో.”

పది నిమిషాల్లో కూతురి ముక్కు నీలం. అరగంటలో కప్పులు, పేపరు, టీవీ మీటలు, డాక్టరమ్మ చెంప, అన్నీ నీలం. ఎవరో రోగి ఫోను చేస్తే డాక్టరమ్మ చెవి కూడా నీలమైంది. “వాపుందా? రంగేమైనా మారిందా?” అని అడుగుతూ ఆమె నిలువుటద్దంలో తనని తాను చూసుకుని, ఫోను చేత్తో మూసి పగలబడి నవ్వింది. అత్తగారు ముందు “ఏం కర్మ” అని గొణిగింది గానీ, తన వేళ్ళ గుర్తులు అలమర అంచున పూలరేకుల్లా పడటం చూసి, పని లేకపోయినా నాలుగుసార్లు అటు వెళ్ళింది. “అమ్మా, కావాలని ముట్టుకోకూడదు,” అంది అద్దం. “నా ఇంట్లో నేను కావాలని ముట్టుకోకూడదా!” అందావిడ. పక్కింటావిడ నిచ్చెన అడగడానికి వచ్చి, తలుపు తీసిన నీలం మొహాన్ని, వెనక నవ్వుతున్న నీలం మొహాల్నీ చూసి, అడగకుండానే తిరిగి వెళ్ళింది.

భోజనాలయ్యాక అందరూ ఒక కునుకు తీశారు. వెనక వరండాలో అద్దం గుడ్డలు ఉతుక్కుంటోంది. లోపలినుంచి కూతురి కేక వినిపించింది.

“నాయనమ్మా! గోడ మీద దెయ్యం నడిచింది!”

అందరూ పరుగెత్తుకొచ్చారు. మీగడ రంగు గోడ మీద, భుజమెత్తున, నీలం అరచేతులు. వరసగా నాలుగు. అన్నీ ఎడమ చేతివే. మామగారి కుర్చీ దగ్గర బయలుదేరి, చట్రం దాటి, అలమర కుడి తలుపు దాకా వెళ్ళాయి. తలుపు పిడి మీద అయిదోది. లోపల డాక్టరమ్మ దాచిన తీపి బిస్కట్ల డబ్బా మీద ఆరోది. డాక్టరమ్మ తన చెయ్యి ఆనించి చూసింది, చాలలేదు. భర్త ఆనించాడు, చాలలేదు. అందరి తలలూ మెల్లగా కుర్చీ వైపు తిరిగాయి.

మామగారు గాఢనిద్రలో ఉన్నారు. గురక కూడా పెడుతున్నారు. కుడి చెయ్యి శుభ్రంగా తుడిచి ఉంది. గోడకు ఆనించిన ఎడమ చెయ్యి మాత్రం మరిచిపోయారు. మీసం మీద బిస్కట్టు పొడి, దాని మీద నీలం పొడి.

“ఏమండీ,” అంది అత్తగారు. “ఆర్నెల్లుగా మంచినీళ్ళు కూడా చేతికందిస్తున్నాను. ఈ కాళ్ళు ఎప్పట్నుంచి పనిచేస్తున్నాయి?”

ఆయన ఒక కన్ను తెరిచారు. “ఇవాళ్టినుంచే. ఫ్రెంచి గాలి తగిలింది.”

“మామగారూ, పళ్ళకి తీపి మంచిది కాదని ఎన్నిసార్లు చెప్పాను!”

“పళ్ళు నావా అమ్మా? నువ్వు కట్టినవే. వాటికి పుచ్చు రాదని నువ్వే అన్నావు.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని కూలబడింది. అత్తగారు కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది, పెదవులు ఒప్పుకోలేదు. అద్దం తలుపు చాటుకు పోయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. పరాయి ఇంట్లో అంతలా నవ్వడం ఆమెకు అదే మొదలు.

మర్నాటి నుంచి గీకింది. ఇప్పుడు చెయ్యి మాట విన్నది. నీలం దట్టంగా ఉన్నచోట గట్టిగా, పలచగా ఉన్నచోట పైపైన, లేనిచోట అసలు లేదు. కూతురి కుర్చీకి వీపు మీదా, వింతగా సీటు కిందా. డాక్టరమ్మ మోకాలికి పొడి లేకపోయినా ఆ చోటు గుర్తుపెట్టుకుని, కుర్చీ కాలి వంపు దగ్గర. మామగారి కుర్చీ చెయ్యి కింద, బొటనవేలంత. అలమర కుడి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయనే కుర్చీలోంచి లేచి నడిచొచ్చి, “అక్కడ కాస్త ఎక్కువే గీకమ్మా, ఇక దాచేదేముంది,” అన్నారు.

గురువారానికి అలమరా, అయిదు కుర్చీలూ అయ్యాయి. ఆరోది వచ్చినవాళ్ళ కోసమని ఉంచిన కుర్చీ. ఆదివారం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అద్దం కాగితం పట్టుకుని దాని ముందు కూర్చుని, ఎక్కడా గీకలేక లేచింది. అప్పుడే తలుపు చప్పుడైంది.

మామయ్య. ఒక చేతిలో లప్పం డబ్బా, ఇంకో చేతిలో మీగడ రంగు. పని మధ్యలోంచి లేచి వచ్చాడు, అరచేతులనిండా దారం నీలం. లోపలికి వస్తూనే డబ్బాలు దింపి, అద్దం మొహం ముందు రెండు వేళ్ళు ఆడించాడు.

“ఇవెన్ని?”

“రెండు. ఒకదాని గోరు చితికింది. సుత్తి తగిలిందా?”

“చూపు పోయిందంటున్నారు ఊళ్ళో!” వెంటనే డాక్టరమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. “తప్పు మాదే అమ్మా. ఒక్క పూట టైమివ్వండి, అంతా సరిచేసి పోతాను.”

సరిచెయ్యడానికని అలమర దగ్గర వంగాడు. వంగినవాడు లేవలేదు. చితకని వేలితో అంచు తడిమాడు. పిడి చుట్టూ తడిమాడు. ఆయన కుర్చీల దగ్గరికి నడిచాడు.

“ఇది ఈ పాపది. తలకిందులుగా వేలాడుతుంది కదూ?”

“మీకెలా తెలుసు!” అంది కూతురు.

“ఇది పెద్దాయనది. ఏదో వాయిస్తారు.” ఇంకో కుర్చీ. “ఇది ఎవరిదో గానీ, చేతులు ఆనించరు. పేపరు చదువుతారా?” పేపరు కిందికి దిగింది.

అత్తగారు మామయ్యకు టీ తెచ్చిచ్చి కూర్చోమంది. మిగిలింది ఆరో కుర్చీ. కూర్చున్నాడు. వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాపి, కప్పు కింద పెట్టి, రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు, అది కదలకుండా బిగిసిందో లేదో తెలుసుకునేటట్టు. లేచాక చూస్తే మీగడ రంగు మీద రెండు పెద్ద నీలం అరచేతులు.

“అయ్యో, మరక!” అని భుజం మీద గుడ్డ లాగాడు.

“తుడవకు మామయ్యా,” అంది అద్దం. “దాని కోసమే చూస్తున్నాను.”

“ఆ కుర్చీ ఇక మీదే మేస్త్రీ,” అంది డాక్టరమ్మ. “ఎప్పుడొచ్చినా అందులోనే కూర్చోవాలి.”

అద్దం గరుకు కాగితం మడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. మామయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఇటియ్యి,” అన్నాడు. “నా చెయ్యి ఎంత ఒత్తుతుందో నీకేం తెలుసు?”

మొదటి గీకుకి చేదుమందు మింగినట్టు మొహం పెట్టాడు. రెండోదానికి ఒక కన్ను తెరిచాడు. అయిదోదానికి నాలుక బయటపెట్టి, పలక మీద రాసే పిల్లాడిలా వంగిపోయాడు. కాసేపటికి ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

“చాలు మామయ్యా! డాక్టరమ్మగారు వందేళ్ళన్నారు, వెయ్యేళ్ళు కాదు!”

“ఉండవే, నేను కూర్చుంటే అంతే అరుగుతుంది!”

వెళ్ళేటప్పుడు డబ్బాలు రెండూ ఆమె చేతికిచ్చి, “రేపు పెందలాడే రా. రెండు బల్లలు పాలిష్‌కి ఉన్నాయి,” అన్నాడు.

శుక్రవారం పొద్దున్న ఆమె తన బల్ల దగ్గరే ఉంది. ఊరు మాత్రం ఇప్పటికీ అదే చెప్పుకుంటుంది. అద్దం డాక్టరమ్మగారి సామాను నాశనం చేసిందని, మామయ్య ఆమెను గెంటేశాడని, డాక్టరమ్మది మంచి మనసు గనక ఆ పెచ్చులూడిన కుర్చీలే వాడుకుంటోందని. ఆ ఆరు కుర్చీల్లో ఒకటి మామయ్యే గీకాడని ఊళ్ళో ఎవరికీ తెలియదు.